8 పైసలు అందరివీ, అరల్లో చోటు కొందరిదేనా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రంథాలయ పరిషత్తుల అధ్యక్షులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల చైర్మన్లకు, కార్యదర్శులకు, పుస్తకాల ఎంపిక సంఘాల సభ్యులకు,



ఈ మధ్య మేం కొందరు పాఠకులం కలిసి ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒక జాబితా ఇచ్చాం. ఈ ఇరవై, పాతికేళ్లలో తెలుగులో స్త్రీలు రాసిన కథల పుస్తకాలు, నవలలు అందులో ఉన్నాయి. మాదిగవాడల నుంచి, కోయగూడేల నుంచి, ముస్లిం మొహల్లాల నుంచి, దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి, మధ్యతరగతి అపార్టుమెంట్ల నుంచి, అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన పుస్తకాలవి. కొని అరల్లో పెట్టమని అడిగాం. వచ్చిన జవాబులో మూడు మాటలున్నాయి. ఉన్న నిధులు పోటీ పరీక్షల పుస్తకాలకే చాలడం లేదన్నారు. ఆడవాళ్ల కథలు అడిగేవాళ్లే లేరన్నారు. అయినా స్త్రీవాద సాహిత్యానికి ఒక బీరువా ఇప్పటికే ఉంది కదా అన్నారు.

ఆ జవాబు చెప్పిన ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మూడు మాటలూ ఆయన సొంతం కావు. మీ సమావేశాల్లో, మీ ఫైళ్లలో చాలాకాలంగా నలుగుతూ, ఎవరూ ఎదురు ప్రశ్న వేయకపోవడం వల్ల రూల్సులా స్థిరపడిపోయిన మాటలు అవి. అందుకే ఈ లేఖ మీకే రాస్తున్నాను. నలుగురూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

మొదట డబ్బు సంగతి. 1948 నాటి మద్రాసు చట్టాన్నీ, 1955 నాటి హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1960లో తెచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం కింద మేం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. సొంతిల్లున్నవాళ్లు నేరుగా కడతారు, అద్దెకున్నవాళ్లు అద్దెలో కలిపి కడతారు. సిరిసిల్లలో బీడీలు చుట్టే ఇల్లు కడుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు పొద్దున్నే పనికి వెళ్లే కూలి ఇల్లు కడుతుంది. పాతబస్తీలో జరీ పని చేసే ఇల్లు కడుతుంది. వసూలు చేసేటప్పుడు మీది ఏ వాడ అని ఎవరూ అడగరు. మరి పుస్తకాలు కొనేటప్పుడు ఆ వాడలు ఎందుకు గుర్తుకు రావు? ఆ ఇళ్లలో పుట్టి పెరిగిన స్త్రీలు రాసిన పుస్తకాలు, ఆ ఇళ్లు కట్టిన సొమ్ముతో నడిచే గ్రంథాలయంలో లేకపోవడానికి మీరు ఏ కారణం చూపిస్తారు?

స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్ను మీకు సకాలంలో జమ కావడం లేదని మాకూ తెలుసు. ఆ బకాయిల కోసం మీరు గట్టిగా నిలబడితే పాఠకులం మీ వెంట నిలబడతాం. కానీ చేతికొచ్చిన సొమ్మును ఎలా ఖర్చు పెడుతున్నారన్న ప్రశ్నకు బకాయిలు జవాబు కావు. మీరు ఈ సొమ్ముకు ధర్మకర్తలు. ధర్మకర్తకు సొంత అభిరుచులు ఉండవచ్చు. వాటిని జమాఖర్చుల్లోకి తెచ్చే హక్కు మాత్రం ఉండదు.

ఇక అడిగేవాళ్లు లేరన్న మాట. కొనని పుస్తకాన్ని పాఠకురాలు ఏ పేరు పెట్టి అడగాలి? ఏ అరలో చూసి అడగాలి? ఈ రచయిత్రుల్లో చాలామంది సొంత డబ్బుతో మూడు వందలో, అయిదు వందలో ప్రతులు వేసుకుంటున్నారు. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో కొన్ని అమ్ముడవుతాయి. కొన్ని మిత్రులకు వెళతాయి. పత్రికల్లో సమీక్ష వస్తే అదృష్టం. సాహిత్య పుస్తకాలు అమ్మే దుకాణం ఒక్కటి కూడా లేని పట్టణాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఉన్న ఇంటర్ చదివే అమ్మాయి చెవిన ఈ పుస్తకాల పేర్లు పడేదెలా? వాటిని ఆమెకు చేర్చగలిగిన చోటు మీ గ్రంథాలయం ఒక్కటే. అక్కడ లేని పుస్తకాన్ని ఆమె అడగలేదని ఆమె మీదే నెపం వేయడం న్యాయమేనా? నారు పోయకుండా ఈ నేలలో వరి పండదని తీర్పు చెప్పినట్టుంది మీ వాదన.

మన గ్రంథాలయోద్యమం ఎవరో వచ్చి అడిగేదాకా ఆగిన ఉద్యమం కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సభకు పూనుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గానీ, ఊరూరా తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గానీ ముందు పాఠకులు రానీ, తర్వాత పుస్తకాలు తెద్దాం అనుకోలేదు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. గట్టున ఉన్న ఊళ్ల దగ్గరికి పుస్తకమే వెళ్లింది. ఆ ఊళ్లలో చదువొచ్చినవాళ్లు ఎంతమంది అన్న లెక్క ఆ పడవను ఆపలేదు. ఆ పెద్దల పటాలకు మీరు ఏటా దండలు వేస్తున్నారు. అవే పటాల కింద కూర్చుని డిమాండు లేదని ఫైలు మూసేయడానికి మీకు మనసెలా ఒప్పుతోంది?

స్త్రీలు రాసింది తెలుగువాళ్లు చదవరన్న మాటకు చరిత్రే ఎదురు సాక్ష్యం. 1960, 70 దశకాల్లో వారపత్రికలను, వీధికొకటిగా వెలసిన అద్దె పుస్తకాల దుకాణాలను నిలబెట్టింది ఎవరు? యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి లాంటి వాళ్లు రాస్తే, ఇంటి ఖర్చులో చిల్లర మిగిల్చి అద్దె కట్టి చదివిన ఆడవాళ్లే కదా? ఆ ఊపు ఎంతటిదంటే, కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారు. అప్పుడు పెద్దమనుషులు వాటన్నిటినీ ఒకే గాటన కట్టి కాలక్షేపం నవలలని పెదవి విరిచారు. ఇవాళ రచయిత్రులు కులం గురించి, భూమి గురించి, మతం గురించి, వలస గురించి, తమ దేహాల గురించి రాస్తుంటే సమస్యల సాహిత్యం ఎవరు చదువుతారంటున్నారు. హాయిగా చదివించేలా రాస్తే తేలిక, ఆలోచించేలా రాస్తే బరువు! ఇంతకీ ఒక స్త్రీ ఎలా రాస్తే మీ అరలో చోటు దొరుకుతుంది?

బీరువా ఉంది కదా అన్నారు. ఆ బీరువా నేను చూశాను. చాలా గ్రంథాలయాల్లో చూశాను. హాలు చివర, తాళం వేసి ఉంటుంది. స్త్రీవాదం, దళితవాదం, మైనారిటీ సాహిత్యం అని చీటీ అంటించి ఉంటుంది. మార్చి 8న తెరిచి, నాలుగు పుస్తకాలు బల్ల మీద పరిచి, ఫొటో తీసుకుని మళ్లీ మూస్తారు. అందులో ఉన్నవి కూడా ఎవరివి? రంగనాయకమ్మ, ఓల్గా పుస్తకాలు కొన్ని, 2005లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కాబట్టి అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం' ఒకటి. వాళ్లు పెద్ద రచయిత్రులు, వాళ్లను చదవాల్సిందే. కానీ వాళ్ల దగ్గరే జాబితా ఎందుకు ఆగిపోయింది? వాళ్ల తర్వాత రాసినవాళ్లు, వాళ్లు చూడని జీవితాల నుంచి వచ్చినవాళ్లు మీకు ఎందుకు కనపడలేదు?

పైగా ఒక నవలను ఎక్కడ పెట్టారన్నది చిన్న విషయం కాదు. చంద్రలత 'రేగడివిత్తులు' వలస రైతుల నవల. 1997లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. వ్యవసాయం మీద నవల కావాలని వచ్చిన పాఠకుడికి అది నవలల వరుసలో కనపడాలి. వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి' కూడా అంతే. రాసింది స్త్రీ అన్న ఒక్క కారణంతో వేరే బీరువాలోకి నెట్టేస్తే, ఆ పాఠకుడికి ఆ నవల ఉందన్న సంగతే తెలియదు. మగవాళ్లు రాసిన నవలలకు పురుష సాహిత్యం అని విడిగా ఒక బీరువా పెట్టారా? వాటిని మాత్రం నవలలని, అందరివని ఎందుకు అనుకున్నారు?

మేం ఇచ్చిన జాబితాలో ఏముందో ఒకసారి ఓపికగా వినండి.

ఎండపల్లి భారతి మదనపల్లె ప్రాంతంలోని పల్లె మనిషి. అయిదో తరగతి దాకా చదివిన దళిత మహిళ. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడవాళ్లు నడిపిన 'నవోదయం' పత్రికలో పనిచేశారు. 'ఎదారి బతుకులు' ఆమె కథల పుస్తకం. తాగొచ్చే మొగుడు, పొదుపు సంఘం అప్పు, కూలి పని, వానకు ఎదురుచూసే చేను, ఇవన్నీ ఎవరో పరిశోధకుడు వచ్చి నోట్సు రాసుకున్నట్టు ఉండవు. పని చేసే మనిషి, పని మధ్యలో ఆగి, తన మాటల్లో తానే చెప్పినట్టుంటాయి. మీ శాఖా గ్రంథాలయాలు ఉన్న పల్లెల్లో పొదుపు సంఘం లేని పల్లె ఉందా? ఆ సంఘాల్లో ఉన్న లక్షలాది ఆడవాళ్లకు, మనలాంటి మనిషి రాసిన పుస్తకం ఒకటుందని చెప్పగలిగింది మీరు కాక ఇంకెవరు?

గోగు శ్యామల తాండూరు ప్రాంతపు మాదిగ జీవితంలోంచి రాశారు. 'ఏనుగంత తండ్రి కన్న ఏకులబుట్ట తల్లి నయం' ఆమె కథల సంపుటి. అందులో ఒక కథలో ఊరి పెద్దలు కట్టడి చేసి ఒక బిడ్డను జోగినిని చేయాలంటారు. తండ్రి ఆ బిడ్డను ఊరి నుంచి తప్పించి హాస్టల్లో చేర్పించి చదివించుకోవాలని చూస్తాడు. దానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం చదివాక, సాంఘిక సంక్షేమ హాస్టలు అంటే నాలుగు గోడలూ, ఒక మెస్సూ అని ఇంకెవరూ అనుకోలేరు. ఈ కథలను 2012లో ఒక ఢిల్లీ ప్రచురణ సంస్థ ఇంగ్లీషులో వేసింది. ఇంగ్లీషు పాఠకులు చదివారు, విశ్వవిద్యాలయాల్లో చర్చించారు. తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లాలో ఎన్ని గ్రంథాలయాల్లో ఈ పుస్తకం తెలుగు ప్రతి ఉందో మీరు ఒక్కసారి లెక్క తీసి చెప్పగలరా?

జాజుల గౌరి 'మన్నుబువ్వ', జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం', ఎం.ఎం. వినోదిని కథలు చదివితే దళిత స్త్రీ జీవితం అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు జీవితాలున్నాయో తెలుస్తుంది. నగరపు బస్తీ వేరు, తెలంగాణ పల్లె వేరు, కోస్తా జిల్లాల చదువుకున్న కుటుంబం వేరు. మానస ఎండ్లూరి 'మిళింద'కు 2020లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. దళిత క్రైస్తవ కుటుంబాల లోపలి మాటలు, కులం దాటి చేసుకున్న పెళ్లిళ్లలో కులం మళ్లీ ఎలా తలెత్తుతుందో ఆమె కథల్లో ఉంది. కోయ సమాజం నుంచి వచ్చిన పద్దం అనసూయ కథల పుస్తకం 'చప్పుడు'. ఆదివాసులను బయటి నుంచి చూసి జాలిపడే కథలు మనకు కొదవ లేదు. లోపలి నుంచి ఒక స్త్రీ రాసినవి ఎన్ని? ముస్లిం స్త్రీ గొంతుతో రాసిన షాజహానాను చదవకుండా, బురఖా గురించి టీవీ చర్చల్లో విన్నదే నిజమనుకునే తరాన్ని మనం తయారు చేస్తున్నాం కదా? కల్పన రెంటాల 'తన్హాయి' చదివితే అమెరికాలో తెలుగు పెళ్లి ఎలాంటి ప్రశ్నలు ఎదుర్కొంటోందో తెలుస్తుంది. కొడుకులను, కూతుళ్లను అక్కడికి పంపిన తల్లిదండ్రులు మీ గ్రంథాలయాల్లో పొద్దున్నే వచ్చి పేపరు చదివేవాళ్లే. వాళ్లకు ఈ నవల అక్కర్లేదని ఎవరు నిర్ణయించారు?

వీళ్లందరినీ ఒకే మూసలో పోసి రచయిత్రులు అనేస్తే సరిపోదు. వీళ్లలో వీళ్లకు పేచీలున్నాయి. స్త్రీవాదం మా వాడదాకా రాలేదని దళిత రచయిత్రులు నిలదీశారు. దళితవాదంలో ఆడవాళ్లం కనపడటం లేదని వాళ్లే మగవాళ్లనూ అడిగారు. పి. సత్యవతి కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు ఉంది. ఇల్లు లేక, పక్కవాళ్ల ఇల్లు అలికి బతికే మనిషి కథ ఇంకొకరు రాయాలి. ఒక కథ పక్కన ఇంకో కథ ఉంటేనే పాఠకురాలికి రెండూ పూర్తిగా అర్థమవుతాయి. ఒకరిని కొని మిగిలినవాళ్లను వదిలేస్తే ఆ ఒకరినీ సగమే చదివించినట్టు.

యాస అర్థం కాదన్న అభ్యంతరం కూడా విన్నాను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె మాటల్లో రాసినప్పుడు రాష్ట్రమంతా ఆనందంగా చదివింది. అదే జిల్లా మాటల్లో ఎండపల్లి భారతి రాస్తే అర్థం కాకపోవడమేమిటి? తాండూరు మాట తాండూరులో ఎవరికి అర్థం కాదు?

ఇక పోటీ పరీక్షల సంగతి. మీ రీడింగు హాళ్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా గ్రూపులకు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదువుతున్న పిల్లలను చూస్తున్నాను. ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్లు, పుస్తకాలు కొనే స్తోమత లేనివాళ్లు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని వరండాలో తినేవాళ్లు. వాళ్లకు పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్లు, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు ఇవ్వాల్సిందే. వాళ్ల వాటా తగ్గించమని ఒక్క మాట కూడా అనను. కానీ వాళ్లు రేపు ఏమవుతారో ఆలోచించారా? తహసీల్దారుగా వెళ్లి అసైన్డు భూమి ఫైలు చూస్తారు. ఉపాధ్యాయినిగా తండాలో బడి నడుపుతారు. ఎస్ఐగా కూర్చున్న చోటుకు మొగుడు కొట్టాడని ఒక ఆడమనిషి ఫిర్యాదు తెస్తుంది. ఆ క్షణంలో బిట్ బ్యాంకు ఏం సాయం చేస్తుంది? ఎదుటి మనిషి ఎందుకు తడబడుతోందో, ఎందుకు సగం చెప్పి ఆపేసిందో పసిగట్టే శక్తి, అలాంటి మనిషి తన లోపలి నుంచి రాసిన కథను చదివినప్పుడు వస్తుంది. మీ హాల్లో మూడు, నాలుగేళ్లు గడిపే యువతీయువకులకు సాయంత్రం అరగంట చదవడానికి ఒక్క కథల పుస్తకం అందుబాటులో ఉంచకపోవడం వాళ్లకు చేస్తున్న మేలా?

కొనకపోతే ఏమవుతుందో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. బండారు అచ్చమాంబ 1902లో 'హిందూ సుందరి' పత్రికలో 'ధన త్రయోదశి' కథ రాశారు. 1905లో చాలా చిన్న వయసులో కన్నుమూశారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి మన పాఠ్యపుస్తకాలు 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథ అని చెప్పాయి. తొలి కథ ఏదన్న చర్చ పండితులు చేసుకోవచ్చు. నా బాధ వేరు. అచ్చమాంబ కథలు పుస్తకంగా పాఠకుల చేతికి రావడానికి వందేళ్లు దాటింది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించినవారిలో ఒకరు. గ్రంథాలయోద్యమం పుట్టిన ఇంట్లోనే పుట్టిన రచయిత్రికి ఈ గతి పడితే, ఏ అండా లేని వాడలోంచి వచ్చిన రచయిత్రికి దిక్కెవరు? గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' పేరుతో దళిత స్త్రీల రచనలను సంకలనం చేశారు. అందులో 1921 నుంచి రాసినవి ఉన్నాయి. ఎనభై ఏళ్ల రచనలను ఒక మనిషి వెతికి, ఏరి, కూర్చాల్సి వచ్చింది. అవి ఒక్కచోట సిద్ధంగా దొరకాల్సిన చోటు గ్రంథాలయం కాదా?

ఇవాళ అయిదు వందల ప్రతులు వేసిన పుస్తకం పదేళ్లకు ఎక్కడా దొరకదు. రెండో ముద్రణ వేసే స్తోమత రచయిత్రికి ఉండదు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయం ఒక్కొక్క ప్రతి కొన్నా ఆ పుస్తకం నిలుస్తుంది. మీరు కొనకపోతే, ఇంకో యాభై ఏళ్లకు ఇంకో శ్యామల వచ్చి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం పర్యవేక్షక సంఘం ఇంగ్లీషు ఆనర్సు పాఠ్యప్రణాళిక నుంచి మహాశ్వేతా దేవి 'ద్రౌపది' కథను, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణి రచనలను తొలగించింది. దేశమంతా రచయితలు, అధ్యాపకులు నిరసన తెలిపారు. అక్కడ తీసేశారు కాబట్టి అందరికీ కనపడింది, అందరూ మాట్లాడారు. మన దగ్గర ముందే కొనలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు, ఎవరూ మాట్లాడలేదు. పాఠకురాలి వైపు నుంచి చూస్తే ఈ రెంటికీ తేడా ఏముంది? ఢిల్లీ సంఘానికి కనీసం తాను ఏం తీసేసిందో తెలుసు. మీకు మీరు ఏం వదిలేశారో తెలుసా?

2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకు అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. దీపా భాస్తి ఇంగ్లీషులోకి తెచ్చిన ఆ పుస్తకంలో 1990 నుంచి 2023 దాకా రాసిన 12 కథలున్నాయి. హాసన్‌లో వకీలుగా పనిచేస్తూ, బండాయ (తిరుగుబాటు) సాహిత్య ఉద్యమంలో నిలబడి, తన చుట్టూ ఉన్న ముస్లిం స్త్రీల గురించి ఆమె మూడు దశాబ్దాలపాటు కన్నడంలోనే రాశారు. బహుమతి రాకముందు కూడా అవి అవే కథలు. మన పక్క రాష్ట్రంలో, మనలాంటి పట్టణంలో జరిగిన సంగతి ఇది. అలాంటి రచయిత్రులు మన దగ్గరా ఉన్నారు. వాళ్లను కొనడానికి లండన్ నుంచి కబురు రావాలా? బహుమతి వచ్చాక సన్మానానికి శాలువా పట్టుకుని పరుగెత్తడం ఎవరైనా చేస్తారు. రానప్పుడు చదవడం, చదివించడం కదా గ్రంథాలయం పని?

అందుకని మీ ముందు ఈ కోరికలు పెడుతున్నాం. వీటిలో ఒక్కటి కూడా కొత్త చట్టం చేయాల్సినంత పెద్దది కాదు.

ఏటా కొనే పుస్తకాల్లో సమకాలీన కథలు, నవలలకు నికరమైన వాటా ప్రకటించండి. అందులో భిన్న సామాజిక నేపథ్యాల రచయిత్రుల పుస్తకాలు తప్పనిసరిగా ఉండేలా చూడండి. సొంతంగా పుస్తకం వేసుకున్న రచయిత్రి మధ్యవర్తి లేకుండా, పెద్ద కమీషన్లు ఇచ్చుకోకుండా నేరుగా మీకు అమ్మగలిగే సులువైన పద్ధతి పెట్టండి. బిల్లు సకాలంలో చెల్లించండి. ఆమెకు మీరు బాకీ పడితే ఆమె రెండో పుస్తకం ఆగిపోతుంది.

ఎంపిక సంఘాల్లో దళిత, ఆదివాసీ, ముస్లిం, బీసీ వర్గాల స్త్రీలను సభ్యులుగా తీసుకోండి. పేరుకు ఒకరిని కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవడం కాదు, వాళ్లు చదివి సూచించిన పుస్తకాలు కొనండి. ఏ పుస్తకం కొన్నారో, ఏది వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో నోటీసు బోర్డు మీద పెట్టండి. పాఠకుల సూచనల పుస్తకంలో రాసిన ప్రతి పేరుకూ నెల లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి.

హాలు చివరి బీరువా తాళం తీయండి. అందులోని నవలలను నవలల్లో, కథలను కథల్లో కలపండి. ఏ జిల్లా రచయిత్రి పుస్తకం ఆ జిల్లాలోని ప్రతి శాఖా గ్రంథాలయంలో ఉండేలా చూడండి. మదనపల్లెలో భారతి, తాండూరులో శ్యామల దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతారు? ముద్రణలో లేని పుస్తకాలను రచయిత్రుల అనుమతితో, వాళ్లకు తగిన ప్రతిఫలం ఇచ్చి, డిజిటల్ ప్రతులుగా భద్రపరచండి.

నెలకొకసారి ఒక సాయంత్రం ఒక పుస్తకం చదివి మాట్లాడుకునే సభ పెట్టండి. హాలు మీదే, కుర్చీలు మీవే, ఖర్చు టీకి తప్ప మరేం ఉండదు. ఆడపిల్లలు ఇంటికి తిరిగి వెళ్లగలిగే వేళకు ముగించండి. పోటీ పరీక్షల పిల్లలను పిలవండి. పొదుపు సంఘాల ఆడవాళ్లను పిలవండి. మగవాళ్లను తప్పకుండా పిలవండి. ఈ పుస్తకాలు ఆడవాళ్ల కోసం ఆడవాళ్లు రాసుకున్నవని ఎవరన్నారు? కూతురిని చదివించుకోవాలని ఊరితో తలపడిన తండ్రి కథ తండ్రులు చదవొద్దా?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మీరు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. ముగ్గుల పోటీలు, వక్తృత్వ పోటీలు, అతిథుల ప్రసంగాలు ఉంటాయి. వాటితోపాటు ఈసారి ఒక పని చేయండి. గడిచిన ఏడాదిలో మీరు కొన్న పుస్తకాల పూర్తి జాబితా, రచయితల పేర్లతో, ధరలతో, ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయం గుమ్మం దగ్గర అతికించండి. నవంబరు 14 ఉదయం పాఠకులం వచ్చి ఆ జాబితా చదువుతాం. అందులో లేని పేర్లు రాసుకుని, అదే రోజు సభలో అతిథుల ముందు లేచి, అందరికీ వినపడేలా చదువుతాం. ఆ పేర్లకు మీ జవాబేమిటో అక్కడే, వేదిక మీది నుంచే చెప్పాలని కోరుతున్నాం.

ఇట్లు,
గ్రంథాలయ పన్ను కడుతున్న ఒక పాఠకురాలు